బకెట్టున్నర నీరు



గత మాఘమాసమున, కాకినాడకు సమీపమున, రాత్రివేళ సముద్రపుహోరు స్పష్టముగా వినవచ్చు నొక పల్లెలో మా చెల్లెలు కట్టించుకొనుచున్న ఇంటికి స్లాబు వేయుటకు ముహూర్తము కుదిరినదని కబురు రాగా, ముందునాటి సాయంకాలమునకే నేనచ్చటికి చేరితిని. సెంట్రింగు పలకలు బిగించుట అయినది. వానిపై ఇనుము పరచి బైండింగు వైరుతో ముడులు వేయుట అయినది. ఇసుకగుట్ట, కంకరగుట్ట, అరుగుమీద పేర్చిన సిమెంటు బస్తాలు, అద్దెకు తెచ్చిన మిల్లరు, అన్నియు తెల్లవారుజాము కొరకు కనిపెట్టుకొనియున్నవి. మిల్లరు ప్రక్కన నొక నీటితొట్టియు, దాని అంచుమీద నొక నల్లని ప్లాస్టిక్ బకెట్టును కనబడగా, కుతూహలము కొలది, "మేస్త్రీ, బస్తాకి ఎన్ని బకెట్లు పోస్తారు?" అని అడిగితిని.

"లెక్కేముందండి బాబూ! మాలు చూసుకుని పోసుకోవడమే. జారుగా ఉంటేనే కదండి తట్టలోంచి దిగేది" అని అతడు చెప్పెను.

అతని మాటలో అబద్ధము లేదు, అహంకారమును లేదు. తండ్రి ప్రక్కన నిలబడి తాపీ పట్టుట నేర్చినవాడు. గోడ కొనను నిలిచి ఒంటికంటితో చూచి, వరుసలో ఏ ఇటుక మట్టము తప్పినదో చెప్పగలవాడు. అయితే ఇటుకపనిలోని తప్పు కంటికి దొరకును గాని, కాంక్రీటులోని తప్పు కంటికి దొరకదు. అది పైకి నున్నగా గట్టిపడి, లోపల తన దోషమును దాచుకొని, పది పదునైదు సంవత్సరముల పిమ్మటగాని బయటపడదు.

మా మేనల్లుడు పాలిటెక్నిక్ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు డిప్లొమా చదువుచున్నాడు. మా సంభాషణ విని, జేబులోని ఫోను తీసి, నాలుగు నిమిషములలో భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 456 అను గ్రంథమును తెరపైకి రప్పించెను. సాదా కాంక్రీటునకును, ఇనుము వేసిన కాంక్రీటునకును మనదేశమున అదియే మూలగ్రంథము. అందలి 9వ పట్టిక చూపి, ఎం 20 అను రకమునకు 50 కిలోల సిమెంటు బస్తాకు ఇసుకయు కంకరయు కలిసి 250 కిలోలు, నీరు హెచ్చుపక్షము 30 లీటర్లు అని చదివెను. వెంటనే లీటరు సీసాతో ఆ నల్లని బకెట్టును కొలిచితిమి. సరిగా 15 లీటర్లు పట్టినది.

"రెండు బకెట్లే మావయ్యా!" అని వాడు ఉత్సాహముగా కేకవేసెను.

"రెండింటికి మాలు కదలదండి" అని మేస్త్రి అభ్యంతరము చెప్పెను. ఆ అభ్యంతరమును ఆ గ్రంథకర్తలు ముందే ఊహించినట్లున్నారు. పోయుటలో ఇబ్బంది కలిగి నీరు హెచ్చింపవలసివచ్చినచో, నీటికిని సిమెంటునకును గల నిష్పత్తి చెడకుండునట్లు సిమెంటును గూడ హెచ్చింపవలెనని అచ్చటనే వ్రాసియున్నది. మా వాడు దానిని తెలుగులో చెప్పగా మేస్త్రి కొంచెము సేపు ఆలోచించి, "అదీ న్యాయమేనండి" అనెను. మేమందరము సంతృప్తిపడి భోజనములకు లేచితిమి.

శ్రోతలారా, నేను ఇంజనీరును కాను. ఒక సాంకేతిక విద్యాలయపు గ్రంథాలయమున ముప్పది సంవత్సరములకు పైగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. సంప్రదింపు గ్రంథము చేతికి వచ్చినపుడు అందొక పుట చూచి మూసివేయుట నాకు అలవాటు కాలేదు. ఆ రాత్రి నులకమంచముపై పడుకొని, మేనల్లుని ఫోనులో ఆ గ్రంథమును మొదటినుండి చదువసాగితిని. నూరు పుటలకు పైబడిన పుస్తకము. అర్థమైనంత చదువుచు, కానిదానిని దాటుచు, మన్నికను గురించిన భాగమునకు వచ్చునప్పటికి నిద్ర విడిచిపోయినది.

అందలి 3వ పట్టికలో కాంక్రీటు ఎదుర్కొను పరిసరములను ఐదు తరగతులుగా విభజించినారు. సౌమ్యమైనది మొదటిది, పరమదారుణమైనది ఐదవది. సముద్రతీరపు వాతావరణమునకు గురియగు కాంక్రీటు మూడవదియైన తీవ్రశ్రేణిలో చేరినది. 5వ పట్టిక చూడగా, ఆ శ్రేణిలో ఇనుము వేసిన కాంక్రీటు ఎం 30 రకమునకు తక్కువ కారాదనియు, ఘనమీటరునకు సిమెంటు 320 కిలోలకు తగ్గరాదనియు, నీరు సిమెంటు బరువులో 0.45 వంతునకు మించరాదనియు ఉన్నది. 50 కిలోల బస్తాకు 0.45 వంతున 22.5 లీటర్లు. అనగా రెండు బకెట్లు కాదు, బకెట్టున్నర. ఇసుకలో ముందే ఉన్న తడిని గూడ అందులోనుండియే మినహాయింపవలెను. అంతేకాదు, బస్తాల లెక్కన కలుపుకొను 9వ పట్టిక ఎం 20 వరకే చెల్లును, అంతకు పైబడిన రకములకు ప్రయోగశాలలో పాళ్లు నిర్ణయించుకొనవలెను. సముద్రమునకు ఎంతో దూరమున, సౌమ్యమైన పరిసరములలో కట్టుకొను ఇంటికైనను, ఇనుము వేసిన కాంక్రీటులో నీరు 0.55 వంతు, అనగా బస్తాకు 27.5 లీటర్లు మాత్రమే అనుమతింపబడినది. సాయంకాలము మేము పట్టుకొని మురిసిన 30 లీటర్లు మా చెల్లెలి ఇంటికే గాదు, ఇనుము వేసి కట్టు ఏ ఇంటికిని సరిపడదు. పట్టిక తప్పు చెప్పలేదు. మేము ఒక పట్టికనే గ్రంథమనుకొంటిమి.

ఇంకను ఒక మాట కనబడినది. ఇనుముపై కప్పియుండవలసిన కాంక్రీటు మందము సౌమ్యశ్రేణిలో 20 మిల్లీమీటర్లైతే, తీవ్రశ్రేణిలో 45. టార్చిలైటు పట్టుకొని పైకెక్కి చూచితిని. కడ్డీల క్రింద పెట్టిన సిమెంటు బిళ్ళలు 20 మిల్లీమీటర్లవి.

ఈ అంకెల వెనుకనున్న కారణము తెలియనిచో ఇవి పంతులుగారి ఆంక్షలవలె తోచును. సిమెంటు తాను గట్టిపడుటకు కొంత నీటినే గ్రహించును. మిగిలిన నీరు కాలక్రమమున ఆవిరియై, తానున్న చోట కంటికి కానరాని సన్నని రంధ్రములను విడిచిపోవును. ఆ రంధ్రముల దారిన ఉప్పుగాలియు తేమయు లోపలికి నడచి కడ్డీని చేరును. ఇనుము తుప్పుపట్టినచో ఆ తుప్పు ఇనుముకంటె ఎన్నియోరెట్లు స్థలము నాక్రమించును గనుక, లోపలినుండి కాంక్రీటును త్రోసి పగులగొట్టును. తీరగ్రామములలో ఏ వీధికి పోయినను, మిద్దెల అడుగున పెచ్చులూడి, ఎఱ్ఱని చారలు కారి, కడ్డీలు ప్రక్కటెముకలవలె బయటపడియున్న ఇండ్లు మనకు కనబడుచునే యున్నవి. "ఉప్పుగాలి తినేసింది" అని మనవారందురు. ఉప్పుగాలికి లోపలికి దారి వేసినది మనము మితిమీరి పోసిన నీరే.

తెల్లవారకముందే ప్లాను గీసిన ఇంజనీరుగారికి ఫోను చేసితిమి. ఆయన మోటారుసైకిలుపై వచ్చి, మా మేనల్లుడు చూపిన పుటలు రెండు పర్యాయములు చదివి, మరుమాట లేకుండ "ఆపండి" అనిరి. బిళ్ళల మందము పెరిగినచో కడ్డీ పైకి జరిగి స్లాబు బలము మారును గనుక ఆ లెక్కలన్నియు తిరిగి వేసిరి. ప్రయోగశాలకు ఇసుక, కంకర నమూనాలు పంపి పాళ్లు తెప్పించిరి. తక్కువ నీటితోనే మాలు జారునట్లు చేయు ప్లాస్టిసైజరు అను ద్రవము వాడుమనిరి. పని నెలరోజులు ఆగినది. ముహూర్తము తప్పినందుకు మా చెల్లెలు కంట తడిపెట్టినది. ఆ కంటతడి చూచి నాకును మనసు కష్టమైనది గాని, ఆగుటయే మేలైనదని నేటికిని నా దృఢవిశ్వాసము.

నేను ఉద్యోగమున చేరిన రోజులలో ఈ ప్రమాణగ్రంథములు తాళముగల బీరువాలో ఉండెడివి. వెలయిచ్చి కొనవలసినవి, ఒక్కొక్కదానికి ఒకే ప్రతి. విద్యార్థులు బల్లచుట్టు మూగి, పట్టికలను పెన్సిలుతో నోటుపుస్తకములలోనికి ఎత్తి వ్రాసికొనెడివారు. మా 456 ప్రతిలో పట్టికలున్న పుటలు చేతులు తగిలి తగిలి అంచులు నలిగి, రెండు పర్యాయములు పలుచని కాగితము అతికింపవలసివచ్చినది. మిగిలిన పుటలు మాత్రము క్రొత్తవిగానే ఉండెడివి. ఆనాడే ఆ నలిగిన పుటలును, నలుగని పుటలును నాకొక పాఠము చెప్పవలసియుండెను. ఆ పాఠము నాకు నులకమంచముపై అందినది.

భారతీయ ప్రమాణముల సంస్థ మొదట ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ అను పేర 1947 జనవరి 6వ తేదీన, స్వాతంత్ర్యమునకు కొలది మాసముల ముందు వెలసినది. మనము నేటికిని వస్తువులపై చూచు ఐ.ఎస్.ఐ. ముద్ర ఆ పేరునుండి పుట్టినదే. 1987 ఏప్రిల్ 1 నుండి అది శాసనబద్ధమైన సంస్థగా, నేటి పేరుతో, నడచుచున్నది. ఐ.ఎస్. 456 మొట్టమొదట 1953లో వెలువడి, 1957, 1964, 1978, 2000 సంవత్సరములలో సవరింపబడినది. కట్టడములకు సంబంధించిన సమస్తమును, అగ్నిభద్రతనుండి మురుగునీటి గొట్టముల వరకు, ఒకచోట కూర్చిన జాతీయ భవననిర్మాణ స్మృతి 1970లో పుట్టి, 1983, 2005, 2016లలో క్రొత్తరూపములు దాల్చినది. ఈ గ్రంథములు ప్రజల ప్రాణములకు సంబంధించినవి గనుక ప్రజలకు ఉచితముగా అందవలెనని వాదించి, వేలకొలది ప్రమాణములను అంతర్జాలమున ఉంచి, ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము వరకు వెళ్లినవాడు అమెరికాదేశస్థుడైన కార్ల్ మలమూద్. మన దేశస్థుడు కాకపోయినను మన ఇండ్లను గూర్చి ఆయన పడిన ఆరాటమునకు నేను కృతజ్ఞుడను. నేడు పేరు నమోదు చేసికొనినవారికి ఆ సంస్థ తన ప్రమాణములను తానే అంతర్జాలముద్వారా ఉచితముగా ఇచ్చుచున్నది. నా బీరువా తాళము తెరుచుకొన్నది. ఇక చదువుటయే మిగిలినది.

చదువుటను గురించి గ్రంథాలయపు మనిషిగా కొంత చెప్పుదును. ఏ ప్రమాణమైనను తెరచినంతనే మొదట చూడవలసినది దాని సంఖ్య తరువాతనున్న సంవత్సరము. ఐ.ఎస్. 383 ఇసుక కంకరలను గురించినది. 1970 నాటి ప్రతిని తెరచినవానికి ప్రకృతిసిద్ధమైన మూలములనుండి లభించు ఇసుక కంకరలను గురించియే కనబడును. వాడు లోహపు చిట్టెమునుండియు, పగులగొట్టిన పాత కాంక్రీటునుండియు తయారుచేసిన ఇసుక కంకరలకు శాస్త్రమున చోటే లేదని భ్రమపడవచ్చును. 2016 నాటి ప్రతిలో అట్టివానికిని నియమములున్నవి. సిమెంటు సంగతియు నంతే. 33, 43, 53 గ్రేడులకు ఒకప్పుడు వేర్వేరు ప్రమాణములుండగా, 2015లో వానినన్నిటిని ఐ.ఎస్. 269 అను ఒక్కదానిలో చేర్చినారు. అంతర్జాలమున పాత ప్రతియు క్రొత్త ప్రతియు ప్రక్కప్రక్కనే, ఒకే తెల్లదనముతో మెరయుచుండును. బీరువాలోని పాతపుస్తకమునకు పాతవాసన ఉండెడిది. తెరపైని పుటకు ఆ వాసన లేదు. కావున సంవత్సరము చూడుడు. తరువాత వచ్చిన సవరణ పత్రములున్నవేమో చూడుడు. పట్టిక క్రింద చిన్న అక్షరములలోనున్న గమనికలు తప్పక చూడుడు.

రెండవది, ఆజ్ఞకును సలహాకును గల భేదము. కాంక్రీటును తడిగా ఉంచవలసిన దినములను గురించి ఐ.ఎస్. 456 ఏమనుచున్నదో గమనింపుడు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటునకు కనీసము 7 దినములు, బూడిద మొదలగునవి కలిసిన సిమెంటునకు కనీసము 10 దినములు, ఎండ మెండుగానుండి గాలి పొడిగానున్నచో ఏ సిమెంటునకైనను 10 దినములకు తగ్గరాదు. ఇది ఆజ్ఞ. బూడిద కలిసిన సిమెంటునకు ఆ గడువును 14 దినములకు పెంచుట మంచిదని ఆ వెంటనే యున్నది. ఇది సలహా. ఆంగ్లమున ఒక్కొక్క క్రియాపదముతో ఈ భేదము తెలియును. మన భాషలో "చేయవలెను" అనుటకును, "చేయుట మంచిది" అనుటకును ఉన్నంత భేదమే అది. తెలుగున చెప్పువారు ఆ రెంటిని కలిపివేయరాదు.

తడిగా ఉంచుట అనగా జ్ఞప్తికి వచ్చినది. మనవారు "స్లాబు ఆరిందా?" అని అడుగుదురు. ఈ ఒక్క మాట మన ఇండ్లకు చేసిన కీడు ఇంత యంత కాదు. బట్ట ఆరును, వడియము ఆరును, మట్టిగోడ ఆరును. కాంక్రీటు ఆరి గట్టిపడదు. సిమెంటునకును నీటికిని రసాయనసంయోగము జరిగి అది గట్టిపడును. నీరందని సిమెంటు ఆ సంయోగమును నడుమనే విడిచిపెట్టును. పోయునపుడు నీరు మితముగా నుండవలెను. పోసిన తరువాత నీరు పుష్కలముగా నుండవలెను. మనము సరిగా దీనికి విరుద్ధముగా, పోయునపుడు గుమ్మరించి, పోసిన మూడవనాటికి మరచిపోవుచున్నాము. మా మేస్త్రి ఈ సంగతి వినగానే గ్రహించెను. స్లాబుపై వరిమళ్లకు గట్లు వేసినట్లు మడులు కట్టి నీరు నిలుపుట కోనసీమ, కాకినాడ ప్రాంతముల పనివారికి ఎవరును నేర్పనక్కరలేదు. ఎన్ని దినములు అనునదే తెలియవలసినది.

మూడవ సంగతి చిత్రములను గూర్చినది. కాన్పూరు ఐ.ఐ.టి.లోని భూకంప ఇంజనీరింగు జాతీయ సమాచార కేంద్రమువారు అంతర్జాలమున ఉంచిన పాఠములు కొన్ని కలవు. ఆచార్య సి.వి.ఆర్. మూర్తిగారు రచించిన 24 పాఠములవి. ఒక్కొక్కటి కొలది పుటలే, పుటనిండ చక్కని బొమ్మలు. స్తంభములోని నిలువు కడ్డీలచుట్టు తొడుగు రింగుల కొనలు ఎట్లు వంపవలెనో అందొక బొమ్మలో చూపినారు. మనవద్ద పెక్కుచోట్ల ఆ కొనలను 90 డిగ్రీలకు, అనగా మూలమట్టముగా వంచి విడిచెదరు. భూమి కంపించి స్తంభము పైని పెచ్చు రాలినపుడు అట్టి రింగు విచ్చుకొనును, నిలువు కడ్డీలు వెదురుబద్దలవలె బయటికి ఒరగును. 135 డిగ్రీలకు వంచి కొనను కాంక్రీటు గర్భములోనికి పొదిగినచో రింగు పట్టు విడువదు. 2001 జనవరి 26న భుజ్ ప్రాంతమున వచ్చిన భూకంపములో కూలిన కాంక్రీటు భవనములను పరిశీలించిన నిపుణులు ఈ రింగుల లోపమును పదేపదే ఎత్తిచూపినారు. ఇనుము వంచు కుఱ్ఱవానికి ఆ బొమ్మను ఫోనులో చూపితిని. వాడు అక్షరము చదువలేదు. బొమ్మను వ్రేలితో పెద్దదిచేసి చూచి, బల్లపై మేకుల నడుమ కడ్డీని పెట్టి, మామూలుకంటె మరికొంత వంచి, "ఇంతేనాండి?" అని నాకు చూపెను. సరిగా అంతే. అదనముగా పట్టినది ఒక లాగు మాత్రమే.

అంతర్జాలమున ప్రమాణగ్రంథములతో సమానముగా, కాదు, అంతకు వేయిరెట్లుగా, ఇల్లు కట్టుటపై చలనచిత్రములును ఉచితసలహాలును గలవు. వానిలో మంచివి లేకపోలేదు. కాని చెప్పినవాడెవడు, ఏ ప్రమాణమునుబట్టి చెప్పుచున్నాడు అను రెండు ప్రశ్నలకు సమాధానము దొరకనిచో, అది వినికిడియే గాని ప్రమాణము కాదు. ఇనుముపైనను సిమెంటు బస్తాపైనను ఉన్న ఐ.ఎస్.ఐ. ముద్రకు తోడుగానుండు లైసెన్సు సంఖ్యను భారతీయ ప్రమాణముల సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను సాధనములో సరిచూచుకొనవచ్చును. కొనబోవు ముందు ఆపాటి శ్రమ పడుడు. మఱియు, పుస్తకము చదివినంత మాత్రమున మనము ఇంజనీరులము కాము. ఆ రాత్రి నేను కనుగొన్నది ఒక ప్రశ్న మాత్రమే. దానికి సమాధానము కట్టినవారు లెక్క తెలిసిన ఇంజనీరుగారు.

నాకు మిగిలియున్న విచారమొక్కటి. నేను చదివిన ఆ గ్రంథము ఆంగ్లమున నున్నది. నీటితొట్టివద్ద నిలిచి బకెట్టు పట్టుకొనువారి భాష ఆంగ్లము కాదు. ప్రమాణము ఇంజనీరు బల్లవరకు వచ్చి ఆగిపోయినచో, అది ఇంటి గోడవరకు రానట్లే. కావున పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాలలలో చదువుచున్న యువతీయువకులకు నా విన్నపమిది. మీ ఊరిలో ఎవరింటనైన స్లాబు పడుచున్నదని తెలిసినపుడు, ముందురోజు అచ్చటికి వెళ్లుడు. ఆ చోటికి వర్తించు శ్రేణి, నీటికొలత, బిళ్ళల మందము, తడుపవలసిన దినములు, సెంట్రింగు విప్పవలసిన గడువు, ఈ ఐదింటిని ఇంజనీరుతో సరిచూచుకొని, ఒక కాగితముపై పెద్ద తెలుగు అక్షరములతో వ్రాసి, మేస్త్రికి చదివి వినిపించి, మిల్లరుకు ఎదురుగా అంటింపుడు. ఒక గంట పని. మీరు పరీక్షకొరకు కంఠస్థముచేసిన పట్టిక ఒక కుటుంబము తలపై కప్పుగా నిలుచుటను మీ కన్నులతో చూచెదరు.

మా చెల్లెలి ఇంటి స్లాబు ఫాల్గుణమాసమున పడినది. ఆ ఉదయము మేస్త్రి నల్లబకెట్టు లోపల, సగమువద్ద, మేకుతో గీత గీసికొని, ప్రతి బస్తాకు ఒక నిండుబకెట్టు, గీతవరకు మరొకటి తానే నిలబడి పోయించెను. ఇసుక తడిగానున్నదని తోచినపుడు ఇంజనీరుగారినడిగి గీతకు దిగువనే ఆపించెను. పదునాలుగు దినములు మడులలో నీరు నిలిచినది. పని ముగిసి సామాను సర్దుకొనునాడు, పై ఊరిలో ఒప్పుకొన్న పనికి తీసుకొనిపోవుదునని చెప్పి, అతడు మా చెల్లెలినడిగి ఆ బకెట్టును పట్టుకొనిపోయెను.